జేబుల్లేని చొక్కాల తీర్మానం

2018 ఎండాకాలం. దేవరకొండలో మా కుట్టుపని సహకార సంఘానికి సర్కారు బడిపిల్లల యూనిఫాంల పని వచ్చింది. నేను కటింగ్ మాస్టర్‌ని. అంతకుముందు నల్లగొండలో ఒక సేఠ్ దగ్గర చేసినన్నాళ్లూ నేను కత్తెర పట్టాక ఎదురు చెప్పినవాడు లేడు. సంఘంలో అట్లా కాదు. మిషిన్ తొక్కేవాళ్లు, గుండీలు కుట్టేవాళ్లు, నేను, అందరం యజమానులమే. అందరికీ ఒక్కో ఓటే. గుడ్డ ‘లే’ వేసే ముందు, అంటే పొరలుగా పరిచే ముందు, మీటింగు పెట్టడం మా ఆనవాయితీ. కోశాక చేసేదేముంది?

ఆ మీటింగులో అధ్యక్షురాలు యాదమ్మ లేచింది. మా సభ్యుల పిల్లలు చదివేది కూడా ఆ బడుల్లోనే.

“పోరగాళ్లు జల్ది ఎదుగుతరు మాస్టర్. అంగీల కింద మడత జర పెద్దగ పెట్టు. పొట్టిగైనప్పుడు ఇప్పుకుంటం” అంది.

‘హెమ్’, అంటే ఆ మడత, పెంచితే సర్కారు ఇచ్చిన గుడ్డ చాలదు. “మరి జేబులకు ఏడికెల్లి తేవాలక్కా?” అన్నాను.

“జేబులల్ల ఏమేస్తరు? గోటీలు, రాళ్లు. తీసెయ్.”

అందరూ నవ్వి చేతులెత్తారు. వద్దన్నది నేనొక్కడినే. నాకు ఒళ్లు మండింది. ఆ రోజు ఇంట్లో అన్నం కూడా సరిగ్గా తినలేదు. అయినా తీర్మానం తీర్మానమే కనుక చెప్పినట్టే కోశాను.

సరుకు చూడవచ్చిన ఆఫీసరు చొక్కాను తిప్పి తిప్పి చూశాడు. జేబులు లేకపోతే మొత్తం వాపసేనన్నాడు. కటింగ్ మాస్టర్ ఎవరని అడిగి, ముందు అతన్ని తీసెయ్యమన్నాడు. సేఠ్ అయితే తప్పంతా నా మీదికి నెట్టి అక్కడికక్కడే తీసేసేవాడు.

యాదమ్మ ముందుకొచ్చింది. “మాస్టర్ వద్దనే అన్నడు సారూ. మేమే కొయ్యమన్నం. తీసేస్తే మమ్ముల తియ్యాలె, గప్పుడు మీ అంగీలు ఎవరు కుడుతరు?”

ఆఫీసరు వారం గడువిచ్చి పోయాడు. మడతలన్నీ విప్పి, ఎక్కువ పెట్టిన గుడ్డను పీలికలుగా కోసి, వాటిని జతచేసి అతుకుల జేబులు కోసిచ్చాను. అందరూ కూలి లేకుండా కుట్టారు. పిల్లలేమో ఆ అతుకులే కొత్త ఫ్యాషన్ అనుకున్నారు. తప్పు చేసి, దాన్ని పనివాడి నెత్తిన రుద్దని యజమానులను నేను మొదటిసారి చూసింది అప్పుడే.

కానీ నేనూ మనిషినే. ఆ వారమంతా ‘ముందే చెప్పిన’ అని అంటూనే ఉన్నాను. తరువాతి మీటింగులో యాదమ్మ, మాస్టర్ ఇక ఆ మాట అనకూడదని తీర్మానం పెట్టింది. అది ఏకగ్రీవంగా నెగ్గింది.