ఎవరి బియ్యమో

నిన్న సిద్దిపేటలో మా చర్చికి ఇంటింటి పిడికెడు బియ్యం పోగైన సంచులు వచ్చాయి. ఆ తౌడు వాసనకు చిన్ననాటి ఒక ఉదయం గుర్తొచ్చింది.

వంటకు ముందు ప్రతి ఇల్లాలూ చర్చి సంఘానికని ఒక పిడికెడు తీసిపెట్టేది. మా బాపు జబ్బుతో మంచాన పడ్డప్పుడు, అందరిళ్ల బియ్యమూ కలిసిన సంచిని సంఘపెద్ద మా ఇంట్లో దించి వెళ్లాడు. "మా బియ్యం తిన్నవ్" అని తోటిపిల్లలు వెక్కిరిస్తారని నాకు భయం. దొడ్డువి, సన్నవి వేరుగా ఏరుతూ కూర్చున్నాను.

"ఏం జేస్తున్నవే?" అంది అమ్మ.

"ఎవరియి వాళ్లకిచ్చేద్దామని."

అమ్మ నవ్వి కుప్పలు కలిపేసింది. "గివి ఏ ఒక్కరియి గావు బిడ్డా, సంఘానియి. సంఘం తినమన్నది, తిను."

ఎవరి గింజలు తిన్నానో తెలియక, ఆ ఆదివారం చర్చి గుమ్మంలో నిలబడి వచ్చిన ప్రతి ఒక్కరికీ వందనాలు చెప్పాను. సంఘాన్ని నేను కళ్లారా చూసింది అప్పుడే, దేవునికి స్తోత్రం.