రాజమల్లు బావ సప్లై లైను

మా బావ రాజమల్లు మిలిటరీలో ఉన్నన్నాళ్లూ శత్రువును కంటితో చూడలేదు. ఆయన చూసినవన్నీ గోధుమపిండి బస్తాలు, పప్పు డబ్బాలు, కిరసనాయిలు క్యాన్లు, వాటిని కొండల మీదికి మోసే కంచరగాడిదలు. సైన్యానికి రాషన్ అందించే విభాగం ఆయనది. లడాఖ్‌లో మంచు పడి దారులు మూసుకుపోకముందే, చలికాలమంతటికీ సరిపడా తిండీ నూనే మందులూ పైన సరిహద్దు చౌకీలకు చేర్చిపెట్టాలి. రోడ్డు ఉన్నంతవరకు లారీ, రోడ్డు అయిపోయాక కంచరగాడిద, అదీ ఎక్కలేని చోట మనిషి వీపు.

"ఫొటోల గన్ను పట్టినోడే ఉంటడు," అంటాడు బావ. "ఆని కడుపుల రొట్టె ఎవడేసిండో ఎవడన్న అడుగుతడా?"

నిజంగానే ఎవరూ అడగరు. అడగకపోయినా ఆయన చెప్తాడు. కంచరగాడిద మోసే మూటలో కొంత దాని దాణాయే ఉంటుందట. దూరం పెరిగే కొద్దీ దాని దాణా పెరుగుతుంది, జవానుకు చేరేది తగ్గుతుంది. ఈ సంగతి చెప్పినప్పుడల్లా ఆయన భార్య, మా యారాలు కొమురవ్వక్క, బియ్యం ఏరుతూ తల ఎత్తకుండా అడుగుతుంది.

"అంటే ఇంక జర దూరం పోతే ఆ గాడిద, తన తిండి తాను మోసుకపోయి తినొచ్చుడేనా? అచ్చం నీ లెక్కనే ఉన్నది."

"గాడిద అనకు. ఖచ్చర్ అను. దానికి సర్వీస్ నంబర్ ఉండె, తెల్సా?"

"నీకంటె ముందు ప్రమోషన్ గూడ వచ్చిందేమో."

మా ఆయన ఆగయ్యకు సొంత అన్న ఈయన. సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చి మా ఆయన సూరత్‌లో లూమ్ నడిపేవాడు. బావ రిటైరయ్యాక తమ్ముని దగ్గరికే వచ్చి, ఆ ఊళ్లోనే భేస్తాన్‌లో మనవాళ్ల కోసం మెస్ పెట్టాడు. లూమ్ కార్ఖానాల్లో పనిచేసే ఒంటరి మగవాళ్లు రెండు పూటలా వచ్చి తిని పోతారు. వండేది కొమురవ్వక్క, కోసి ఇచ్చేది నేను, ఆజ్ఞలు ఇచ్చేది బావ.

వంటింటి వెనక గదిని ఆయన 'డిపో' అంటాడు. దాని తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంటుంది. డిపోకు ఒకటే రూలు. ముందు వచ్చింది ముందు పోవాలి. మిలిటరీలో ఇది మంచి రూలే అయి ఉంటుంది. పిండి, పప్పు, డబ్బాల సరుకు, ఏదీ మూల పడి పాడవకుండా వాడకంలోకి వస్తుంది. కానీ బావ దాన్ని వంకాయలకు కూడా పెట్టాడు. ఈరోజు మార్కెట్ నుంచి నవనవలాడే వంకాయలు వస్తాయి. వాటిని వండడానికి లేదు, నిన్నటివి ఉన్నాయి కదా. నిన్నటివి కూడా వండడానికి లేదు, మొన్నటివి ఉన్నాయి. ఈరోజువి అలా కూర్చుని, తమ వంతు వచ్చేసరికి ముడుతలు పడి, మా అత్తగారి బుగ్గల్లాగా తయారవుతాయి. బెండకాయ ముదరాలి, టమాట చేతిలో పెడితే కారాలి, అప్పుడే దానికి పొయ్యి మీదికి ఎక్కే అర్హత. పూటపూటా వాడినవే తింటూ, తాజావాటిని వాడబెట్టుకుంటూ కాలం గడిపాం.

తినేవాళ్లకు ఒకరోజు ఓపిక పోయింది. వాళ్లందరిలో నోరున్నవాడు పరమేశ్. అన్నం పెట్టిన తలె ముందుకు తోసి లేచాడు.

"మామా, మేం లూమ్ నడిపెటోళ్లం. మంచు కొండ మీద లేం. మార్కెట్ గీడ్నే ఉన్నది. ఏ పూటకాపూట తెచ్చి వండితే ఏం పోతది?"

"వానలల్ల ఖాడీ కాలువ పొంగితె? మార్కెట్ బందైతె?"

"పొంగినప్పుడు సూద్దాం తీ."

"పొంగినంక సూసుడు సప్లై కాదురా, ఏడ్పు."

"ఇప్పుడు ఏడుస్తున్నది మేమే గద మామా! రైల్వే గేటు అవుతల కొత్త మెస్ పెట్టిండ్రు. రోజు గుడ్డు, టీవీ. పోరగాళ్లు అటు పోదామంటున్నరు."

బావ మెస్ పోతే భేస్తాన్‌లో ఆయన ఆజ్ఞలు ఇవ్వడానికి మిగిలేది కొమురవ్వక్క ఒక్కతే. ఆమె వినదు. నాకైనా ఆ మెస్సే ఆసరా. పోయిన వానాకాలం మా ఆయన పోయాక, అక్కడ కూర్చుని ఉల్లిగడ్డలు కోస్తుంటే ఎందుకు ఏడుస్తున్నావని ఎవరూ అడిగేవారు కాదు.

చివరికి ఒక ఒప్పందం కుదిరింది. వచ్చే ఆదివారం అందరినీ బయటికి తీసుకుపోయి బావ దావత్ ఇస్తాడు. తిండి వేడిగా, రుచిగా, వేళకు అందితే ఉంటారు. లేకపోతే సోమవారం తలెలన్నీ రైల్వే గేటు దాటిపోతాయి.

"వేళకు అందుడా?" అన్నాడు బావ, మీసం మీద చెయ్యి వేసి. "నాకే చెప్తున్నవా?"

ఆ వారమంతా మా ఇల్లు యుద్ధానికి తయారైంది. ఎక్కడికి పోతున్నామో ఎవరికీ చెప్పలేదు. కదలిక బయటికి పొక్కకూడదట. సూరత్‌లో ఆదివారం డుమస్ సముద్రానికి కాక ఇంకెక్కడికి పోతారని అందరికీ తెలిసిందే, అయినా ఎవరూ పైకి అనలేదు. మనుషులకు ఒక చిన్న బస్సు, తిండికి ఒక టెంపో. రెండూ వేర్వేరు వేళల్లో, వేర్వేరు దారుల్లో పోవాలి. ఒకే బండిలో పోతే ఒక్క బాంబుతో మనిషీ అన్నమూ రెండూ పోతాయట.

"మనిషి పోయినంక అన్నం ఉండి ఎవల కోసం?" అన్నది కొమురవ్వక్క.

"ఎనుకొచ్చెటోళ్లకు."

ఆ వాదన బావే గెలిచాడు. కానీ మటన్ సంగతి వచ్చినప్పుడు అక్క గెలిచింది. "మటన్‌కు గూడ పాతది ముందు అన్నవంటె నేను పొయ్యి ముట్టియ్య," అని చెప్పేసింది. ఆదివారం పొద్దున్నే తాజా మటన్ వచ్చింది. బగారన్నం, మటన్ కూర, పప్పుచారు పెద్ద గంజుల్లో దించి, మూతలకు పిండి మెత్తి, చుట్టూ వడ్లపొట్టు బస్తాలు దోపి, పైన మా ఇంట్లో ఉన్న బొంతలన్నీ కప్పాడు బావ. పొయ్యి వెలిగించడానికి వీల్లేని చోటుకు ఇలాగే వేడన్నం పంపేవాళ్లట.

టెంపో డ్రైవర్ భూపత్‌భాయ్ గుజరాతీ మనిషి, నెమ్మదస్తుడు. బావ అతని ఫోన్, తన ఫోన్ రెండూ బందు చేసి ఖాకీ సంచిలో వేశాడు. దారిలో మాటలు ఉండకూడదట. తర్వాత హిందీలో ఆర్డర్ ఇచ్చాడు. సీదా పోవాలి, వెనక్కి చూడొద్దు, నేను చెయ్యి ఎత్తేదాకా ఆగొద్దు.

"కాకా, పోవుడు ఎక్కడికి?" అని అడిగాడు భూపత్‌భాయ్ తన భాషలో.

"టైమొస్తే తెలుస్తది," అన్నాడు బావ.

నేను బస్సు ఎక్కేముందు, టెంపోతో వస్తున్న బావ నా చేతికి ఒక మూట ఇచ్చాడు. "సమ్మక్కా, ఇది రిజర్వు. నీ మీద నమ్మకంతోటి ఇస్తున్న. నా ఆర్డర్ లేకుంట విప్పొద్దు. దీని మీదనే కూసో."

నేను దాని మీదనే కూర్చుని డుమస్ పోయాను. మా ఆయన పోయాక ఆ దారి పట్టడం అదే మొదలు. మునుపు ఏ పండక్కో తీసుకుపోయి, టమాట భజియాలు కొనిచ్చి, సముద్రం చూడకుండా నేను తినడమే చూస్తూ కూర్చునేవాడు. బస్సులో పోరగాళ్లు పాటలు పాడుతుంటే నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

డుమస్ చేరాం. అన్నం చేరలేదు. పోరగాళ్లు నీళ్లలో ఆడారు, ఒడ్డున కబడ్డీ ఆడారు, ఒకరినొకరు ఇసుకలో పూడ్చుకున్నారు, మళ్లీ తవ్వుకున్నారు. అన్నం రాలేదు. బావ ఫోన్ బందు, డ్రైవర్ ఫోన్ బందు. ఎండ నెత్తి మీది నుంచి పక్కకు వాలింది. భజియాల బండ్ల నుంచి నూనె వాసన మా మీదికి వస్తోంది.

"ఇగ అయిపోయిందిరా," అన్నాడు పరమేశ్. "పదుండ్రి, భజియాలు తిందాం. రేపటి సంది గుడ్డు, టీవీ."

కొందరు లేచారు. ఇప్పుడు వీళ్లు కడుపు నింపుకుంటే, బావ అన్నం తెచ్చినా తినేవాడు ఉండడు.

"ఆగుండ్రి," అన్నాను.

నా గొంతు విని అందరూ ఆగిపోయారు. అందులో సగంమంది నా గొంతు అంతకుముందు విని ఉండరు. కొమురవ్వక్క నా చెయ్యి పట్టుకుంది.

"విప్పకే సమ్మక్కా. ఆయనొస్తే నన్ను కోర్టుమార్షల్ చేస్తడు."

"మూట నాకిచ్చిండు గదా అక్కా. చేస్తే నన్ను చేస్తడు."

విప్పాను. అటుకులు, పుట్నాలు, బెల్లం. రూలు ప్రకారం ఇంట్లో అన్నిటికంటే పాత బెల్లం రిజర్వులోకి వచ్చినట్టుంది. పళ్లకు లొంగలేదు, రాయికి లొంగలేదు. బస్సు డ్రైవర్ నవ్వుతూ టైరు విప్పే రాడ్ తెచ్చి ఇచ్చాడు. పరమేశ్ రాడ్ ఎత్తి కొడితే ఒక ముక్క ఎగిరి ఇద్దరు గుజరాతీ పిల్లల మధ్య పడింది. వాళ్ల అమ్మ దాన్ని చూసి, గవ్వ అనుకుని సంచిలో వేసుకుంది. పోరగాళ్లు నవ్వి నవ్వి ఇసుకలో దొర్లారు. ఒక్కొక్కరికి పిడికెడు వచ్చింది. ఆకలి చావలేదు గానీ, భజియాల బండి వైపు ఎవరూ పోలేదు.

టెంపోకు ఏమైందో తర్వాత తెలిసింది. డుమస్ రోడ్డు చీలే పెద్ద కూడలిలో బండ్లు కిక్కిరిసి ఉన్నాయి. బావ కిందికి దిగి, కూడలి మధ్య నిలబడి, ఈల వేస్తూ, కార్లనూ ఆటోలనూ రెండు చేతులా ఆపి, తన టెంపోకు దారి ఇప్పించాడు. భూపత్‌భాయ్ ఆ దారిన పోయాడు. పోతూనే ఉన్నాడు. వెనక్కి చూడొద్దన్నారు, చూడలేదు. సీదా పొమ్మన్నారు, పోయాడు. డుమస్‌కు తిరగాలని అతనికి ఎవరు చెప్పారు? బావ నడిరోడ్డు మీద, ఫోన్ లేకుండా, పోలీసు కాని పోలీసులాగా మిగిలిపోయాడు. ఒక పాలవాడి బండి వెనక, ఖాళీ క్యాన్ల మధ్య వేలాడుతూ తాపీ నది మీది బ్రిడ్జి దాటి వెతుక్కుంటూ పోతే, అవతలి ఒడ్డున హజీరాలో ఏదో ఫ్యాక్టరీ ముందు లారీల వరుసలో దొరికింది టెంపో. ముందు లారీ ఆగింది కాబట్టి ఆగాడట, లేకపోతే సముద్రంలోకే. గేటు దగ్గర కాపలావాడు సరుకేమిటని అడుగుతున్నాడు, భూపత్‌భాయ్ మటన్ అని చెప్తున్నాడు, వాడు నమ్మడం లేదు.

మేము చూసేసరికి టెంపో ఒడ్డు వెంట ఊగుతూ వస్తోంది. వెనక బొంతల మీద బావ నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి చెయ్యి ఎత్తాడు. కానీ ఆయన ఉన్నది వెనక, డ్రైవర్ చూస్తున్నది ముందుకు. టెంపో మమ్మల్ని దాటి, మెత్తని నల్ల ఇసుకలోకి పోయి, చక్రాలు కూరుకుపోయి నిలబడింది. సముద్రం పోటు మీద ఉంది. అల వచ్చి టైరు నాకి పోయింది.

"రాషన్!" అని అరిచాడు బావ. అంత పెద్ద గొంతు ఆయనకు ఉందని మాకు తెలియదు.

పోరగాళ్లు ఉరికారు. బావ ఇసుకలోకి దూకి, వాళ్లను టెంపో నుంచి పొడి నేల దాకా వరుసగా నిలబెట్టాడు. "కాళ్లు కదలొద్దు, చేతులే కదలాలె! గంజు వొరగొద్దు! పరమేశ్, నీళ్ల దిక్కు సూడకు, మటన్ దిక్కు సూడు!" చేతి నుంచి చేతికి బగారన్నం వచ్చింది, మటన్ వచ్చింది, పప్పుచారు తొణక్కుండా వచ్చింది. చివరికి నడుం దాకా తడిసిన భూపత్‌భాయ్ బొంతలు నెత్తిన పెట్టుకుని వచ్చాడు. ఆ తర్వాత అందరూ కలిసి టెంపోను బయటికి నెట్టారు.

మూతలు తీస్తే పొగలు వచ్చాయి. చుట్టుపక్కల వాళ్లు కూడా తిరిగి చూశారు. పోరగాళ్లు వరుసగా కూర్చుని తిన్నారు. భూపత్‌భాయ్ మాంసం ముట్టడు కాబట్టి పప్పుచారుతో నాలుగు మాట్లు వడ్డించుకున్నాడు. బావ మాత్రం తినలేదు. అందరూ తిన్నాకే తినాలంటాడు. ఖాళీ గంజు పక్కన నిలబడి, చివరికి ఉండబట్టలేక అడిగాడు.

"ఏం రా పరమేశ్? సోమవారం ఎటు?"

పరమేశ్ వేళ్లు నాకుతూ ఆలోచించాడు. "వేళకు రాలే మామా."

"రాలే."

"వేడిగ మాత్రం వచ్చింది. రుచిగ వచ్చింది. ఉంటం గని, ఆ డిపో ఖాళీ చెయ్యాలె. ఏ రోజు కూరగాయ ఆ రోజే."

"ఉన్నయి పారేస్తనా? పారెయ్య. పానం పోయినా పారెయ్య."

"పారెయ్యకు. రేపు ఒక్క పూట అన్ని కలిపి వండుండ్రి. ఎట్లున్నా తింటం. ఎల్లుండి సంది తాజాది."

బావ మొలతాడు నుంచి తాళంచెవి విప్పి కొమురవ్వక్కకు ఇచ్చాడు. ఆమె అది పుచ్చుకుని కొంగుకు ముడేసుకుంది.

సోమవారం వంకాయ, బెండకాయ, సొరకాయ, గోరుచిక్కుడు, పేరు తెలియని ఒక ఎండిన కాయ, అన్నీ ఒకే గంజులో ఉడికాయి. మాటిచ్చారు కాబట్టి పోరగాళ్లు తిన్నారు. ఒక్కొక్కరూ చెంబెడు నీళ్లు తాగారు. ఏ తలె రైల్వే గేటు దాటలేదు.

ఆ సాయంత్రం డిపో ఊడ్చి కడిగాం. బావ గడపలో నిలబడి ఖాళీ అరలను చూశాడు.

"ఈ రాత్రి ఏమన్న అయితే రేపు పొద్దుగాల ఏం పెడుతం?" అన్నాడు.

"భేస్తాన్ మీద ఎవడు దండెత్తుతడయ్యా?" అన్నది కొమురవ్వక్క. "తిని పండుకో."

మంగళవారం పొద్దున నేను మార్కెట్ నుంచి లేత వంకాయలు తెచ్చాను, తెచ్చిన పూటే కోశాను. తర్వాత ఇల్లు ఊడుస్తుంటే బావ మంచం కింద చీపురు దేనికో తగిలింది. వంగి చూస్తే బస్తా. మూతి విప్పితే ఆలుగడ్డలు. తల ఎత్తేసరికి బావ గుమ్మంలో ఉన్నాడు, నన్నే చూస్తున్నాడు. నేను మూతి కట్టేసి, బస్తాను ఇంకొంచెం లోపలికి నెట్టి, దుప్పటి అంచు కిందికి లాగి, ఊడ్చుకుంటూ అవతలి గదిలోకి పోయాను.