అత్త వెతికిన పగులు

కుప్పం రైల్వే స్టేషను బయట టీ తాగుతుంటే ఫోను వచ్చింది. మా మేనత్త కొడుకు.

"బావా, అమ్మ పోయింది. పొద్దున చేను కాడికి పొయ్యొచ్చి అరుగు మింద కూసునింది. అంతే."

అత్త కూర్చుందా అనిపించింది నాకు. ఆమె కూర్చుని ఉండగా నేను చూసింది తక్కువ. వి.కోట, పలమనేరు మీదుగా పుంగనూరు వెళ్ళే బస్సెక్కాను. సీటు దొరికినా సగం దారి నిలబడే వచ్చాను.

మీకు ఆమె తెలిసే అవకాశం లేదు. పుంగనూరు పక్క పల్లెలో మామతో కలిసి టమోటా పండించిన రైతు. అన్నం కూడా వంటింటి గడప దగ్గర నిలబడే తినేది. ఏదైనా చెడిపోతే అది ఎందుకు చెడిందో తేలేదాకా ఆమెకు నిద్ర పట్టేది కాదు. డ్రిప్పు పైపులు కారుతుంటే మామ కొత్తవి తెద్దామన్నాడు. అత్త ఎండలో సాళ్ళ వెంట వంగి వంగి తిరిగి, పైపుల మీద ఉడత పళ్ళ గాట్లు కనిపెట్టింది. "దానికి దప్పిక. ఆడాడ నీళ్ళు పెడితే పైపు జోలికి యాల వస్తాది?" అని చేనంతా కొబ్బరి చిప్పల్లో నీళ్ళు పెట్టింది.

"యాల చెడిందో తెలీకుండా బాగు చేస్తే అది బాగైనట్టు కాదు" అనేది. ఆ మాట ఎంత నిజమో నా సైకిలు విరిగాక తెలిసింది.

నేను ఉండేది మదనపల్లెలో. ఆదివారాలు గేర్ల సైకిలు తొక్కుకుంటూ అత్తను చూడడానికి వెళ్ళేవాణ్ణి. ఒకసారి పుంగనూరు దారిలో, దిగుడులో, వెనక చక్రం టప్పుమంది. కింద పడ్డాను. ముంజేయి విరిగింది. చక్రం నడుమ స్పోకులన్నీ వచ్చి తగులుకునే హబ్బు ఉంటుంది కదా, దాని అంచు ముక్కగా ఊడిపోయింది.

"గుంతలో పడింటాది" అన్నారు చూసినవాళ్ళు. "ఇంగ సైకిలు మానుకో" అన్నారు ఇంట్లో. అత్త ఆసుపత్రికి వచ్చి, నా చేతి కట్టు నిమిరి, కళ్ళు తుడుచుకుని, "ఆ పగిలిన ముక్క యాడ పెట్టినారు?" అని అడిగింది. దాన్ని కొంగున కట్టుకుని పోయింది.

ఆపైన ఆమెకు కుదురు లేదు. ఫోను మీద ఫోను. "నాయనా, నేను పొయ్యి సూసినాను. నువ్వు పడినకాడ గుంతే లేదు." ఇంకోసారి, "సరుకు నాసిరకం అయింటాది." మర్నాడు తనే కొట్టేసింది. "నాసిదైతే ఇన్నేండ్లు యాల నిలబడింది?"

నాకు విసుగొచ్చింది. "పోనీలే అత్తా, కొత్త చక్రం వేయించుకుంటా."

"అది మటుకు పగలదా? ఈసారి చెయ్యితోనే పోతాదని ఎవరు సెప్పినారు నీకు?"

కట్టు విప్పిన రోజు మధ్యాహ్నం ఆమె మా ఇంటికొచ్చి నన్ను కిటికీ దగ్గరకు లాగింది. "సూడు. పగులు ఈ పక్క నల్లగా మురికి పట్టి ఉండాది. ఆ పక్క తెల్లగా మెరుస్తా ఉండాది. తెల్లది నువ్వు పడిన దినం పగిలింది. నల్లది ఎప్పుడో మొదలయ్యింది. లోపల్లోపలే తింటా వచ్చింది."

ఆ నలుపు ఒక స్పోకు రంధ్రం దగ్గర మొదలైంది. రంధ్రం పక్కన స్పోకు ఒత్తిన గాడి ఒక్కటే ఉండాలి. అక్కడ రెండున్నాయి, ఒకదాన్నొకటి కోసుకుంటూ. అప్పుడు నాకు అర్థమైంది. వానాకాలంలో రిమ్ము వంకరపోతే, మదనపల్లెలోనే సైకిలు అంగడాయనతో పాత హబ్బుకే కొత్త రిమ్ము వేయించాను. మళ్ళీ అల్లేటప్పుడు స్పోకులు పాత గాళ్ళలో కాకుండా ఎదురు వైపుకు వాలాయి. రెండు గాళ్ళూ కలిసిన చోట బలం తగ్గి, తొక్కినప్పుడల్లా కొంచెం కొంచెం చీలింది.

కారణం దొరికిందని నేను తేలికపడ్డాను. అత్త మొహం పాలిపోయింది.

"ఆ యప్ప మన పాపది గూడా అల్లినాడు గదరా!"

పాప అంటే ఆమె కోడలు. ఆమె సైకిలుకూ పాత హబ్బు మీదే కొత్త రిమ్ము వేయించాం, రెండూ ఒకే అంగట్లో ఇచ్చాం. కోడలు పక్క ఊరి బడిలో టీచరు. రోజూ కూతుర్ని వెనక కూర్చోబెట్టుకుని దాని మీదే పోయొస్తుంది. అత్త ఫోను చేసింది. క్లాసులో ఉందేమో, ఎత్తలేదు. మళ్ళీ చేసింది. ఇంట్లో అటూ ఇటూ తిరిగింది. నేను పక్కింటివాళ్ళ కారు అడిగాను. దారి పొడుగునా ఆమె ముందు సీటు అంచు పట్టుకుని, బడి వదిలారేమో అంటూనే ఉంది.

వదల్లేదు. సైకిలు గోడకు ఆనించి ఉంది. అత్త కొంగుతో హబ్బు మీది జిడ్డు తుడిచింది. రంధ్రం పక్కన వెంట్రుకలాంటి నల్లటి గీత.

"ఏందత్తా, ఈడికొచ్చినావు?" అంటూ కోడలు బయటికి వచ్చింది. వెనకే మనవరాలు. అత్త ఆ పిల్ల తల మీద చెయ్యి వేసి, సైకిలుకు అడ్డంగా నిలబడింది.

మర్నాడు మదనపల్లెలో ఆ సైకిలు అంగడికి నేను గొడవకు సిద్ధపడే వెళ్ళాను. అత్త నన్ను నోరెత్తనివ్వలేదు. "నీమింద అరిసేదానికి రాలేదప్పా. ఇట్ల ఇంగెవరివి అల్లినావో గ్యాపకం తెచ్చుకో" అని ముక్క ఆయన చేతిలో పెట్టింది.

ఆయన దాన్ని తిప్పి తిప్పి చూశాడు. "గాడి సంగతి నేను సూసుకోలేదమ్మా" అన్నాడు. అంగడి మూసేసి, కురబలకోటలో ఒకరి సైకిలు ఉందంటూ అప్పుడే బయల్దేరాడు.

ఆమె స్థిమితం లేనితనాన్ని చూసి మేమందరం విసుక్కున్నవాళ్ళమే. ఆ గీత చూశాక మామ కూడా ఆమెను కాసేపు కూర్చోమనడం మానేశాడు. నా మటుకు నేను, ఆమె ఫోను వస్తే రెండో మోతకే ఎత్తేవాణ్ణి.

బస్సు దిగి పల్లెకు చేరేసరికి ఎండ ముదిరింది. వాకిట్లో జనం. మదనపల్లె నుంచి ఆ అంగడాయన కూడా వచ్చి ఉన్నాడు. అత్త పాదాల దగ్గర దండం పెట్టుకుని బయటికి వచ్చాడు గానీ, వెళ్ళిపోలేదు. చూడడానికి వచ్చినవాళ్ళ సైకిళ్ళు గోడ పొడుగునా నిలబెట్టి ఉన్నాయి. ఆయన గొంతుక్కూర్చుని, ఎవరిదో ఒక సైకిలు వెనక చక్రాన్ని ఒక చేత్తో పైకెత్తి, మెల్లగా తిప్పుతూ, వెలుతురు పడేలా తల పక్కకు వంచి హబ్బులోకి చూస్తున్నాడు.