డెస్ గొంతు దాచిన పాత ఫైలు

మా బర్నీ ఊళ్ళో, ఓడరేవు వెనక చిన్న ఆఫీసులో, గ్లెనిస్ ట్రాంటర్ ఇరవై రెండేళ్ళుగా ఒకటే పని చేస్తోంది. మాట పోయినవాళ్ళ తరఫున, మీట నొక్కితే మాట్లాడే కంప్యూటర్ పలకలకు ప్రోగ్రాం రాయడం. కొత్త వెర్షన్ తయారైన ప్రతిసారీ "పాత ఫైళ్ళు తెరుచుకుంటాయా?" అని సణుగుతుంది. ఆఫీసువాళ్ళు ఆవిడకు మ్యూజియం అని పేరు పెట్టారు. కొత్తొక వింత, పాతొక రోత అన్నమాట కంప్యూటర్ల దగ్గర మరీ నిజం.

సోమవారం పొద్దున లోర్నా ఫోన్ చేసింది. ఆమె భర్త డెస్, కేన్సర్ ఆపరేషన్‌కు ముందు నూట నలభై మాటలు సొంత గొంతుతో పలకలో దాచుకున్నాడు. పదకొండేళ్ళుగా అవే అతని మాటలు.

"కొత్త వెర్షన్ వేశాక నొక్కితే చప్పుడే లేదు గ్లెనిస్. సేవ్ చెయ్యాలా అని అడుగుతోంది, నొక్కెయ్యనా?"

"వద్దొద్దు! నీకు పుణ్యముంటుంది, దాని జోలికి పోకు!"

సేవ్ నొక్కితే ఆ నిశ్శబ్దమే పాత ఫైలు మీద ఎక్కేస్తుంది. ఇంకో నకలు ఎక్కడా లేదు.

"ఆ పాత వెర్షన్ ఫైళ్ళవాళ్ళు ముగ్గురే మిగిలారు," అన్నాడు మేనేజరు డార్సీ. "మళ్ళీ రికార్డు చేసుకోమనరాదూ?"

"దేంతో చేసుకుంటాడయ్యా, నీ గొంతుతోనా?"

డార్సీ ముఖం కందగడ్డయింది. వెళ్ళి ఆవిడకు కాఫీ తెచ్చిపెట్టాడు.

తప్పు దొరికేసరికి మధ్యాహ్నం దాటింది. కొత్త వెర్షన్‌లో ప్రతి మాటకూ 'వేగం' అని ఒక గడి చేర్చారు. డెస్ ఫైలు పుట్టిననాటికి ఆ గడే లేదు. లేనిదాన్ని ప్రోగ్రాం సున్నా అనుకుంది. సున్నా వేగంతో ఏ మాట కదులుతుంది? గడి లేకపోవడం వేరు, గడిలో సున్నా ఉండడం వేరు. అంత చిన్న సంగతి మరిచిందెవరా అని చూస్తే, చేర్చినవాళ్ళ పేరు దగ్గర తన పేరే ఉంది. ఆవిడకు ఏడుపొచ్చినంత పనైంది.

గడి లేకపోతే మామూలు వేగమే అనుకోమని రెండు వరుసలు రాసి, పంపి, ఫోన్ పట్టుకుని కూర్చుంది. అవతల డెస్ ఏదో నొక్కాడు.

"లోర్నా, టీ చల్లారిపోయిందే!" పదకొండేళ్ళ కిందటి గొంతు, విసుగుతో సహా.

లోర్నా ఏడుస్తోంది. తప్పు తనదేనని గ్లెనిస్ చెప్పబోయింది.

"ఉండు తల్లీ, తర్వాత చెబుదువు," అంది లోర్నా. "డెస్, అదే ఇంకోసారి నొక్కు."