దాతలను చూసే గది

దెయ్యాల మాట ఎత్తితే నాకు నవ్వొచ్చేది. నేను అంగన్‌వాడీ టీచర్ని, పిల్లల భయాలు పోగొట్టేదాన్ని. ఇది రాయాలంటే నాకే సిగ్గుగా ఉంది.

ఆరేళ్ల కింద మా అన్నకు కిడ్నీ ఇచ్చాను. హైదరాబాద్‌లో పెద్ద దవాఖాన. కోతకు ముందు నా చుట్టూ తిరిగినవాళ్లు కుట్లు విప్పాక నా ముఖం చూడలేదు. ఏరు దాటి తెప్ప తగలేశారు. అన్నకు మూడు నెలలకోసారి పరీక్షలు, నాకు చీటీ కూడా లేదు. ఇంట్లోనూ అంతే, అందరికీ అన్న గురించే ఫికర్. మా ఊరు కేతేపల్లి నుంచి అతనికి తోడు మాత్రం నేనే పోవాలి.

మా వైపు ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగితే నలభైకే మోకాళ్లు పట్టేస్తాయి. అందరూ చేసేదే నేనూ చేశాను. ఆర్‌ఎంపీ దగ్గర సూది, రోజుకు రెండు నొప్పి గోలీలు. ఒక్క కిడ్నీతో బతికేవాళ్లు అవి మింగకూడదని నాకెవరూ చెప్పలేదు.

పోయినేడు అన్న డాక్టరు దగ్గరికి వెళ్తే నేను బయట కూర్చున్నాను. పొద్దున పదకొండు. నడివయసు మనిషి ఒకామె రిజిస్టరు పట్టుకొని వచ్చి నా పేరు పిలిచింది. వరండా చివర, తలుపు మీద ‘దాతలు’ అని కాగితం అంటించిన గదిలోకి తీసుకుపోయింది. బీపీ చూసింది, రక్తం తీసింది, కాళ్లు వాచాయేమోనని నొక్కి చూసింది.

"నొప్పి గోలీలు మింగుతున్నవు గదా అక్కా. ఇయ్యాల్టి సంది బంజెయ్. ఉన్నది ఒక్కటే."

గోలీల సంగతి అన్నకు కూడా తెలియదు.

గంటకు రక్తపరీక్ష చీటీ చేతిలో పెట్టింది. అన్నను చూసే డాక్టరుకు చూపిస్తే క్రియాటినిన్ ఎక్కువుంది, కిడ్నీ దెబ్బతింటోందన్నాడు, ఈ పరీక్ష ఎవరు చేశారన్నాడు. చూపిద్దామని తీసుకుపోతే ఆ తలుపుకు తుప్పు పట్టిన తాళం ఉంది. తెరిపిస్తే లోపల విరిగిన మంచాలు, దుమ్ము. దాతలను చూసే మనిషి ఇక్కడ ఎన్నడూ లేదని దవాఖాన వాళ్లు చెప్పారు. చీటీ మీద ముద్ర వాళ్లదే. నా మోచేతి మీద దూది అట్లాగే ఉంది.

అరగంట సేపు ఆ ముద్ర ఎవరు వేశారని కొట్లాడుకున్నారు. నా కిడ్నీ మాట ఒక్కరూ ఎత్తలేదు. చీటీ కూడా గుంజుకున్నారు. నాకు రోత పుట్టింది.

నల్లగొండలో పరీక్ష మళ్లీ చేయిస్తే అదే అంకె వచ్చింది. గోలీలు మానేశాను, మూడు నెలలకు తగ్గింది.

"నీకు కండ్లు తిరిగినయేమో చెల్లె" అన్నాడు అన్న.

కావచ్చు. ఆమె ఎవరో నాకు ఇప్పటికీ అంతు చిక్కలేదు. దెయ్యమే అనుకుందాం. ఆరేళ్లలో నన్ను పట్టించుకున్నది ఆ దెయ్యం ఒక్కటే.