పొడి వాతావరణంలో వచ్చిన ఏరు

సర్వశక్తిగల దేవునికి స్తోత్రం. ఆకాశాన్ని మూసేవాడూ ఆయనే, తెరిచేవాడూ ఆయనే. మనిషి కన్ను పడని మిట్టల మీద కూడా ఆయన కన్ను పడుతుంది. ఈ మాట చిన్నప్పుడే వాక్యంలో చదువుకున్నాను. గట్టిగా పట్టుకోవలసి వచ్చింది మాత్రం చిత్రావతి ఏటి నడుమ, ఒక బండ మీద.

అరవైల మధ్యలో సంగతి. గోరంట్లకు అవతల ఒక ఊళ్ళో మా నాయన క్రైస్తవ సంఘానికి ఉపదేశి, అంటే వాక్యం చెప్పి ప్రార్థన నడిపే మనిషి. వరసగా వానలు తప్పి, విత్తనపు వేరుశెనగ కాయలు మూటల్లోనే ఉండిపోయాయి. కరువు వచ్చిన ఏడు మా సంఘానికి ఒక ఆచారం ఉండేది. అందరూ ఉపవాసముండి, ఎండిన ఏట్లోకి దిగి వాన కోసం ప్రార్థించేవాళ్ళు. నడుమ ఉన్న పెద్ద బండ మీద ఉపదేశీ, ఆయన ఇంటివాళ్ళూ కూర్చోవాలి. సంఘమంతా కింద ఇసుకలో. ఆమేన్ వినపడేదాకా ఎవరూ కళ్ళు తెరవకూడదు, లేవకూడదు.

అమ్మ అప్పటికే లేదు. ఇంటివాళ్ళంటే నేనూ, నా భార్యా. ఆమెకు నెలలు నిండాయి, అదే తొలి కాన్పు. ఏట్లోకి రావద్దన్నాను.

"రేడియోలో ఇన్నావు గదా, వాన లేదంట. ఇంగ భయమేంటికి?" అంది.

పంచాయతీ ఆఫీసు గోడకు బిగించిన లౌడుస్పీకరు ఆ పొద్దున కూడా, రాయలసీమలో వాతావరణం పొడిగా ఉంటుందనే చెప్పింది. అది విని నాయన, "వాళ్ళు లేదంటే మనం ఇంకా గట్టిగా అడగాల" అన్నాడు.

నాయన ప్రార్థన పొడుగు. మధ్యలో చల్లటి గాలి తగిలింది. ఇసుకలో ఎవరో ఆడమనిషి "స్తోత్రం" అంది, మిగిలినవాళ్ళు అందుకున్నారు. ఆ వెనకే బరువు బండ్లు వరసగా పోతున్నట్టు చప్పుడు. నేనూ విన్నాను, కళ్ళు తెరవలేదు. దేవుడు జవాబిస్తున్నాడనే అనుకున్నాం. నాయన ఆమేన్ అనేసరికి ఎర్రటి నీళ్ళు నురగతో, కంపచెట్లతో ఏటి వంపు తిరిగి వస్తున్నాయి. ఇసుకలో ఉన్నవాళ్ళు గట్లకు పరిగెత్తి అందరూ దక్కారు. నెలలు నిండిన మనిషిని బండ మీద నుంచి దించేలోపే మాకు రెండు వైపులా నీళ్ళు వచ్చేశాయి.

పైన మబ్బు తునక లేదు. ఎండకు బండ కాలుతోంది. పక్కనే అన్ని నీళ్ళుండి నా భార్య నాలుక పిడచకట్టింది. కొంగు ముంచి పిండి ఇస్తే నోట్లో బురదే మిగిలింది. లేచి నాలుగు అడుగులు వేద్దామన్నా చోటు లేదు.

దగ్గరి గట్టు మీదికి చెరుకు తోట గల పెద్ద రైతు వచ్చాడు. హిందువే అయినా నాయనతో పరాచికాలాడేవాడు.

"ఏమి ఉపదేశీ! వాన అడగమంటే ఏరునే అడిగినారే!"

"నీ వంతు గూడా కలిపి అడిగినాంలే అన్నా!" అని నాయన అరిచాడు.

ఎగువన వాన నిలిచిందా, ఇంకా పడుతోందా? మాకు తెలియవలసింది అదొక్కటే. నిలిచి ఉంటే ఓపిక పట్టి కూర్చోవచ్చు. లేకుంటే బండ మునుగుతుంది. రైతు తన జీతగాణ్ణి రేడియో దగ్గరికి తరిమాడు. వాడు తిరిగొచ్చాక, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని రైతే అరిచాడు: "వాతావరణం పొడిగా ఉండాదంట!"

గట్టు మీద ఎవరో నవ్వారు. మాకు నవ్వు రాలేదు.

"నాయనా, వాన ఆపమని అడుగు" అన్నాను.

"ఏ నోటితో అడిగేదిరా? పొద్దున్నుంచీ ఊరంతా కడుపు మాడ్చుకోని అడిగిందేంది? ఇప్పుడు వద్దంటే ఆ చేండ్లు ఏం కావాల?"

"నీ కోడలు ఏం కావాల?"

నాయన మోకాళ్ళ మీదే ఉండిపోయాడు. వాక్యం నేర్పిన మనిషి అడగడానికి మాట లేక కూర్చోవడం అదే మొదటిసారి చూశాను. నాకూ రాలేదు. ఏది అడిగినా ఎవరికో ఒకరికి వ్యతిరేకంగా అడిగినట్టే అయింది.

బావి నుంచి, ఎద్దులతో నీళ్ళు తోడే కపిల మోకులు తెచ్చారు. మేమైతే వాటిని పట్టుకుని ఈదవచ్చు. ఆ కడుపుకు మోకు ఎట్లా కడతాం? అప్పుడు రైతు చెరుకు తోటలో బెల్లం వండే, మనిషి పట్టేంత కొప్పెర మోయించుకొచ్చాడు. ఒక చెవికి కట్టిన మోకును రాయి కట్టి మాకు విసిరారు. రెండో చెవి మోకు వాళ్ళ చేతుల్లో ఉంది. మేం లాగితే మా వైపు, వాళ్ళు లాగితే వాళ్ళ వైపు.

అంతలో నీళ్ళు జానెడు తగ్గాయి. నాకు ఆశ పుట్టి నా భార్య వైపు తిరిగాను.

"ఉండు, తగ్గుతాండాది. రేడియోలో గూడా లేదనే అంటాండారు గదా" అన్నాను.

"రేడియోలో చెప్పేటోడు ఈ బండ మీద ఉండాడా? వానికి ఈ ఏరు కనపడతాండాదా? లాగు ఆ కొప్పెర!"

"తిరగబడితే?"

"తిరగబడితే ఆడనే సస్తా. ఈడ నీళ్ళు చూసుకుంటా కూచోని సావను."

నాయన లేచి మోకు అందుకున్నాడు. ఆమె కొప్పెరలో ముడుచుకుని కూర్చుంది. నడుమకు పోయాక అది గిర్రున తిరిగింది. "పాపా, లేవాకు! అంచు ఇడిసిపెట్టాకు!" అని రైతు అరుస్తూనే ఉన్నాడు. ఆమె గట్టు ఎక్కింది. తర్వాత నాయన, చివరికి నేను. నా బట్టలు ఇంకా కారుతుండగానే రెండో విడత నీళ్ళు వచ్చాయి. బండ కనపడలేదు.

ఆ వారంలోనే ఆడపిల్ల పుట్టింది. మా చేలలో మాత్రం చుక్క పడలేదు. ఏట్లో వచ్చినవి ఎగువన మైసూరు సీమ కొండల్లో కురిసిన నీళ్ళు.

కొన్నేళ్ళ తర్వాత అనంతపురం ప్రార్థన కూడికల్లో, మద్రాసు వాతావరణ ఆఫీసులో పనిచేసే విశ్వాసి ఒకాయన కలిశాడు. వాళ్ళ రాడార్ మబ్బుల్లో వాన ఎక్కడుందో చూస్తుందన్నాడు. మమ్మల్ని ఎందుకు చూడలేదని అడిగాను. దాని కిరణం దాదాపు తిన్నగా పోతుందట, భూమేమో వంగి ఉంటుంది. దూరం పోయేకొద్దీ కిరణం పైకి పైకి పోయి, మా వైపు వచ్చేసరికి మబ్బుల మీదుగా దాటిపోతుంది. కిందుగా పంపితే నడుమ కొండలు అడ్డం. ఇక మిగిలింది ఎక్కడో ఒకచోట పెట్టిన వానకొలత గిన్నెలు, వాటి లెక్క మోసుకొచ్చే తంతి.

"మరి పొడి అని ఎందుకు చెప్తారు?"

"పడిందని ఎవరూ చెప్పకపోతే పొడి అనే రాస్తామన్నా."

"తెలియదు అని రాయకూడదా?"

నాకు కోపం రాలేదు, కాళ్ళ కింద మళ్ళీ ఆ బండ కాలినట్టయింది. ఊరికి చేరి నా భార్యకు అంతా చెప్పాను. పిల్లకు తల దువ్వుతూ విని, "అయితే ఈ తూరి దేవునికి చేను గుర్తులు చెప్పి అడుగు, కొండల మీద పోసి ఊరుకోకుండా" అంది. నవ్వుతోందనుకున్నాను. చూస్తే కళ్ళు తుడుచుకుంటోంది.

చదివే సోదరులారా, సోదరీలారా, పుస్తకం మూసేముందు నాతో ఒక్క నిమిషం తల వంచండి. తండ్రీ, ఏ కిరణమూ అందని చోట ఇరుక్కున్నవాళ్ళను నువ్వు చూడు. తెలియనిది తెలియదని చెప్పే ధైర్యం మనుషులకివ్వు. విత్తనం ఉన్న చేను మీదే వాన కురిపించు. ఇది మా మొర అని మీరూ అనండి.