కారణాంకం చూపమన్నారు

ముందుగా నిశ్చయంగా తెలిసింది చెబుతాను. మూడేళ్ళ క్రితం, ఐర్లండ్‌లో నేస్ ఊరి దగ్గరి మా వైద్య పరికరాల కర్మాగారంలో, ఇన్సులిన్ పంపు వైర్‌లెస్ భద్రతకు ఆధారమైన ఆరు వందల పైచిలుకు అంకెల సంఖ్యను ప్రధాన సంఖ్యగా ధ్రువీకరించారు. అది ప్రధాన సంఖ్య కాదు. ఇక విన్నది: దాన్ని తిరస్కరించిన శ్రావణికి పొగరని. క్యాంటీన్‌లో పదిమంది అన్నారు. ఒక్కరూ లెక్క చూడలేదు.

శ్రావణి వరంగల్ అమ్మాయి, ప్రొబేషన్‌లో ఉంది. అది గట్టెక్కకపోతే ఉద్యోగంతోపాటు వర్క్ పర్మిట్ కూడా పోతుంది. ఆమె మేనేజర్ మురళి గారు. గణితంలో డాక్టరేట్ చేసిన నాది వాళ్ళ పరీక్షలను విడిగా తనిఖీ చేసే ఉద్యోగం.

సమీక్షలో మురళి గారు గట్టిగానే అడిగారు.

“వెయ్యి లోపు ప్రైమ్స్ అన్నిటితో సప్లయర్ భాగించి చూశాడమ్మా, ఒక్కదానితోనూ పోలేదు. ఇట్స్ గ్రాండ్, అంతా బాగానే ఉంది. కాదంటావా, ఏదీ, ఒక్క కారణాంకం చూపించు!”

“సార్, తాళం పగిలిందంటే దొంగ వచ్చిండనే కదా. వాని పేరు తెల్వాల్నా?”

“అయితే గార్డ్స్‌ని పిలువు,” అని నవ్వారు. ఇక్కడ పోలీసులను అలాగే అంటారు.

శ్రావణి చేసింది శతాబ్దాలుగా తెలిసిన పరీక్షే. బేసి ప్రధాన సంఖ్య ఏదైనా సరే, దానికంటే ఒకటి తక్కువ ఘాతానికి రెండును హెచ్చించి, ఆ సంఖ్యతోనే భాగిస్తే శేషం ఒకటి రావాలి. ఏడుకు చూడండి: రెండు ఆరో ఘాతం అరవై నాలుగు, శేషం ఒకటి. తొమ్మిదికి శేషం నాలుగు; కాబట్టి తొమ్మిది ప్రధాన సంఖ్య కాదు. ఇది చెప్పడానికి దాని కారణాంకమైన మూడు పేరెత్తనక్కర్లేదు.

ఆమె మాటనూ నేను నమ్మలేదు. వేరే ప్రోగ్రాం రాసి, ముందు నిజమైన ప్రధాన సంఖ్యలపై నడిపాను. అన్నిటికీ శేషం ఒకటే. తర్వాత ఈ సంఖ్యపై నడిపాను. ఒకటి రాలేదు.

మరి మావాళ్ళు చేసిన తనిఖీ? ఒకరు సప్లయర్ పత్రంలోని అంకెలను పైకి చదివారు, మరొకరు టిక్కులు పెట్టారు, ఇద్దరూ సంతకాలు చేశారు. నకలు సరిపోయిందని తేల్చడాన్ని పరీక్ష అన్నారు! అంతటితో ఆగలేదు. శ్రావణి ప్రొబేషన్ నివేదికలో మురళి గారు “ఆధారం లేని అభ్యంతరం” అని రాశారు. ఆధారం పేజీల కొద్దీ ఆయన బల్లమీదే ఉంది.

నా ఫలితాలు జతచేసి, ఆ వాక్యం అబద్ధమని క్వాలిటీ విభాగాధిపతికి రాశాను. వారం తర్వాత సప్లయర్ ఒప్పుకున్నాడు: పత్రం తయారీలో ఒక అంకె తప్పు పడింది. ఆ వాక్యం కొట్టేశారు, శ్రావణి ఉద్యోగం ఖాయమైంది. ఆమెకు క్షమాపణ మాత్రం ఎవరూ చెప్పలేదు.

“పంతం నెగ్గించుకున్నారు, డాక్టర్ గారూ,” అన్నారు మురళి గారు.

“పంతం కాదండీ, శేషం,” అన్నాను.

“నా పర్మిట్ కాయితాలు ఇంకా సంచిలనే పెట్టుకొని తిరుగుతున్నక్కా,” అంది శ్రావణి.

కారణాంకం దొరకకపోవడం ప్రధాన సంఖ్య అనడానికి రుజువు కాదని నాకు ముందే తెలుసు. తెలియనిది, ఆ మాట చెప్పడానికి ఒక మనిషి తన పర్మిట్‌ను పణంగా పెట్టాల్సి వస్తుందని.

ఆ తప్పు సంఖ్య కారణాంకాలేమిటో నేటికీ తెలియదు. కొన్ని రోజులు కంప్యూటర్‌తో వెతికించాను, చిన్నవి దొరకలేదు. అన్నీ పెద్దవే అయితే, నాకు తెలిసిన ఏ పద్ధతికీ నా ఆయుష్షు చాలదు.